షిల్ దళం పదకొండుగురు అధికారులు (1932): రాజు మాట కాదని గుర్రాలెక్కిన సైనికుల సినిమా

పాతరీలు
పాత జర్మన్ సినిమాల గురించి మన వేదికలో చర్చ మొదలైనప్పుడల్లా అది కాలిగరి దగ్గరో, మెట్రోపోలిస్ దగ్గరో ఆగిపోతోంది. వాటి పక్కనే ప్రష్యా (అప్పటి పెద్ద జర్మన్ రాజ్యం) చరిత్ర మీద బోలెడన్ని సినిమాలు వచ్చాయి. జనం ఎగబడి చూసినవి అవే. అందులో ఒకదాని గురించి తీరిగ్గా మాట్లాడుకుందామని ఈ చర్చ పెడుతున్నాను.

సినిమా పేరు 'డీ ఎల్ఫ్ షిల్‌షెన్ ఒఫిట్సీరె', అంటే షిల్ దళంలోని పదకొండుగురు అధికారులు. దర్శకుడు రుడోల్ఫ్ మైనర్ట్. ఈయన ఇదే కథని 1926లో మూకీగా తీశాడు, 1932లో మళ్లీ టాకీగా తీశాడు. టాకీలో ఫ్రీడ్రిష్ కైస్లర్, హెర్తా టీలె, హైన్జ్ క్లింగెన్‌బెర్గ్ ముఖ్య నటులు. 1809లో మేజర్ ఫెర్డినాండ్ ఫాన్ షిల్ తన హుస్సార్ (తేలికపాటి గుర్రపు దళం) రెజిమెంటుతో నెపోలియన్ మీద తిరగబడి ఓడిపోవడం, పట్టుబడ్డ అతని అధికారులు పదకొండు మందిని కాల్చి చంపడం, ఇదే కథ. విమర్శకులు అప్పట్లో దీన్ని పెద్దగా మెచ్చుకోలేదు.

ఇలాంటి సినిమాలన్నిటినీ 'హిట్లర్‌కి దారి వేసినవి' అని ఒకే గాటన కట్టేయడం నాకు నచ్చదు. ఈ సినిమాలో తిరుగుబాటు నెపోలియన్ మీద ఎంతో, సొంత రాజు మీద కూడా అంతే. ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విల్హెల్మ్ యుద్ధం వద్దంటుంటే ఒక మేజర్ రెజిమెంటుని తీసుకుని వెళ్లిపోయాడు. పై అధికారి మాట వేదంగా చూసే దేశంలో, ఆ మాట కాదన్నవాళ్లని హీరోలుగా నిలబెట్టిన సినిమా ఇది. మీరేమంటారు?

గుర్రపుడెక్క
మంచి చర్చ పెట్టారు మాస్టారూ. సినిమా సంగతికి ముందు అసలు కథ తెలియనివాళ్ల కోసం కొంచెం రాస్తాను. ఇది తెలియకపోతే షిల్ ఎవరో పిచ్చివాడిలా కనిపిస్తాడు.

1806లో యేనా, ఔవర్‌ష్టెట్ యుద్ధాల్లో ప్రష్యా నెపోలియన్ చేతిలో కుప్పకూలింది. ఔవర్‌ష్టెట్‌లో షిల్ తలకి గాయమైంది. ఎలాగో బాల్టిక్ తీరంలోని కోల్బెర్గ్ కోటకి చేరుకున్నాడు. చుట్టూ కోటలు ఒకదాని తర్వాత ఒకటి లొంగిపోతుంటే కోల్బెర్గ్ మాత్రం 1807లో సంధి కుదిరేదాకా నిలబడింది. షిల్ సొంతంగా దళం కట్టి ఫ్రెంచివాళ్ల మీద దాడులు చేసి పేరు తెచ్చుకున్నాడు. టిల్సిట్‌లో కుదిరిన ఆ సంధితో ప్రష్యా దాదాపు సగం భూభాగం పోగొట్టుకుంది. 1808 ఒప్పందంలో సైన్యం 42,000 మందికి మించకూడదని నెపోలియన్ షరతు పెట్టాడు. అదే ఏడాది డిసెంబర్‌లో షిల్ తన హుస్సార్లతో బెర్లిన్‌లోకి వస్తే జనం బ్రహ్మరథం పట్టారు. లూయీజా రాణి అతనికి తన చేతిరాతతో ఒక జేబు సంచి బహుమతిగా ఇచ్చింది. ఓడిపోయిన సైన్యంలో జనం గర్వంగా చెప్పుకోగలిగిన మనిషి అతనొక్కడే అయ్యాడు.

1809 ఏప్రిల్‌లో ఆస్ట్రియా యుద్ధం మొదలుపెట్టింది. వెస్ట్‌ఫేలియా రాజ్యంలో నెపోలియన్ తమ్ముడు జెరోమ్ మీద డోర్న్‌బెర్గ్ అనే అధికారి తిరుగుబాటు చేసి విఫలమయ్యాడు. ఏప్రిల్ 28న షిల్, కవాతుకని చెప్పి, రెజిమెంటుని బెర్లిన్ దాటించాడు. ఊరు దాటాకే అసలు సంగతి చెప్పాడు. ఎవరూ వెనక్కి పోలేదు.

ఇక్కడ గుర్రపు దళం గురించి ఒక మాట. రౌతులు వేగంగా కదలగలరు, దారిలో ఉన్న చిన్న చిన్న కాపలా దళాలని చెదరగొట్టగలరు, ఊళ్లలో సంచలనం పుట్టించగలరు. కోటని పట్టుకోవడం మాత్రం వాళ్ల వల్ల కాదు. మే 5న మాగ్డెబుర్గ్ దగ్గర డోడెన్‌డోర్ఫ్‌లో పదాతి దళం మీదికి గుర్రాలు ఉరికించి గెలిచారు కానీ, ఆ గెలుపులో ఎందరో అధికారులు పోయారు. కళ్లెదురుగా ఉన్న మాగ్డెబుర్గ్ మాత్రం చేతికి రాలేదు. ఫిరంగులు లేవు, కాలిబంటు సైన్యం లేదు, వెనక రాజు లేడు. జెరోమ్ అతని తలకి 10,000 ఫ్రాంకుల వెల కట్టాడు. ఆర్నెబుర్గ్‌లో అధికారులు వెనక్కి వెళ్దామా అని తర్జనభర్జన పడుతుంటే, అంతులేని భయం కన్నా భయంకరమైన అంతమే మేలని షిల్ అన్నాడని చెప్తారు.

చివరికి ష్ట్రాల్‌జుంట్ రేవు పట్టుకున్నాడు. సముద్రం మీదుగా ఇంగ్లీషు ఓడలు వస్తాయని ఆశ. ఓడలు రాలేదు. ఫ్రెంచివాళ్లు పడగొట్టించిన గోడల్ని హడావుడిగా సరిచేయించుకుంటుండగానే మే 31న నెపోలియన్ తరఫున డచ్చి, డేనిష్ సైన్యాలు ఊళ్లోకి చొచ్చుకొచ్చాయి. వీధుల్లో పోరాడుతూ షిల్ చచ్చిపోయాడు. వయసు 33.

నల్లరేగడి
చరిత్ర బాగుంది, దానితో నాకు పేచీ లేదు. పాతరీలు గారి వాదనతోనే పేచీ.

సినిమా 1809 గురించి ఉన్నా, టికెట్ కొన్నవాడు 1932లో ఉన్నాడు. వాడి తలలో ఏముందో చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడాక కుదిరిన వెర్సాయ్ సంధి జర్మనీ సైన్యాన్ని లక్ష మందికి కట్టడి చేసింది. రైన్ ప్రాంతం నుంచి చివరి ఫ్రెంచి సైనికుడు వెళ్లిపోయి అప్పటికి రెండేళ్లే, అది 1930 జూన్ చివర. ఇప్పుడు గుర్రపుడెక్క గారు రాసిన 42,000 లెక్కని దీని పక్కన పెట్టండి. విదేశీ సైన్యం, భూభాగం పోగొట్టుకున్న దేశం, కట్టడి చేసిన సైన్యం, చేతులు ముడుచుకు కూర్చున్న ప్రభుత్వం. తెర మీద నెపోలియన్ కాలం దుస్తులున్నా ప్రేక్షకుడికి కనిపించింది తన కాలమే. ప్రభుత్వం మాట వినని సైనికుడే నిజమైన దేశభక్తుడని చెప్పే సినిమా ఆ ఏడాది ఎవరికి పనికొచ్చింది? జులై ఎన్నికల్లో నాజీలకి 37 శాతం ఓట్లు, 230 సీట్లు వచ్చాయి. రిపబ్లిక్‌ని ధిక్కరించడమే తమ గొప్పగా చెప్పుకున్న పార్టీ అది.

రాజు మీద తిరుగుబాటు కాబట్టి ఇది స్వేచ్ఛ గురించిన సినిమా అంటే నేను ఒప్పుకోను. షిల్ రాజుని ధిక్కరించింది రాజ్యాన్ని ఇంకా గట్టిగా నిలబెట్టాలని. పౌరుల హక్కుల కోసం కత్తి దూయలేదు.

పాతరీలు
నల్లరేగడి గారూ, 1932 ప్రేక్షకుడి గురించి మీరన్నది కాదనను. ఆ పోలిక కోసమే ఇలాంటి కథలు ఎంచుకునేవాళ్లు. 1930 నుంచి 1932 దాకా ఫ్రెడరిక్ మహారాజు (షిల్ కాలం రాజు కాదు, అంతకు ముందటి రెండో ఫ్రెడరిక్) మీద, లూయీజా రాణి మీద, జనరల్ యోర్క్ మీద వరసగా సినిమాలు వచ్చాయి. జర్మనీలో పెద్ద సినిమా కంపెనీ ఊఫా 1927 నుంచి హూగెన్‌బెర్గ్ చేతిలో ఉంది, ఆయన కరడుగట్టిన జాతీయవాది, పత్రికల యజమాని.

కానీ ఫ్రెడరిక్ సినిమాల్లో ఒక మహానాయకుడు ఉంటాడు, ఆయన చెప్తాడు, మిగతావాళ్లు వింటారు. షిల్ కథలో చెప్పేవాడు సగంలోనే చచ్చిపోతాడు. మిగిలిన కుర్రవాళ్లు కోర్టు ముందు ఒంటరిగా నిలబడాలి. సినిమా పేరులో కూడా పీట వేసింది ఆ పదకొండు మందికే. గెలుపుతో ముగించే వీలే లేని కథ ఇది. ఈ తేడాని మీరు లెక్కలోకి తీసుకోవట్లేదు.

రైన్‌ఒడ్డు
అందరికీ నమస్కారం. నేను ఉద్యోగరీత్యా డ్యూసెల్‌డోర్ఫ్ వైపు ఉంటాను. ఆ పదకొండు మందిని కాల్చి చంపిన వేజెల్ ఊరు మాకు దగ్గరే, ఆ చోటు చూశాను కాబట్టి రాస్తున్నాను.

వేజెల్ రైన్ నది, లీపె నది కలిసేచోట ఉంది. 1809 నాటికి అది నేరుగా ఫ్రెంచి సామ్రాజ్యంలో భాగం, పెద్ద కోట. పట్టుబడ్డ పదకొండు మంది అధికారులని అక్కడి కోటలో ఉంచారు. సెప్టెంబర్ 16న విచారణ, అదే రోజు శిక్ష అమలు. ఒక్క పూటలో అంతా అయిపోయింది. వాళ్ల మీద మోపినది యుద్ధ నేరం కూడా కాదు, దోపిడీ. ఈ ముక్క చాలా ముఖ్యం. ప్రష్యా రాజు షిల్‌తో తనకి సంబంధం లేదని బహిరంగంగా ప్రకటించేశాడు. రాజు కాదన్నాక వీళ్లు ఏ దేశపు సైనికులూ కారు, కాబట్టి యుద్ధ ఖైదీలకిచ్చే రక్షణ వర్తించదు, గుర్రాలెక్కి తిరిగిన దొంగల ముఠా కింద లెక్క. లీజ్ అనే పట్టణం నుంచి వచ్చిన ఒక లాయరు వీళ్ల తరఫున వాదించాడు కానీ ఫలితం ముందే తేలిపోయింది.

ఇద్దరిద్దరిని కలిపి కట్టి లీపె ఒడ్డున ఉన్న పచ్చికలోకి నడిపించారు. అందులో కార్ల్ ఫాన్ వేడెల్, ఆల్బర్ట్ ఫాన్ వేడెల్ అని అన్నదమ్ములు ఉన్నారు. మొదటి కాల్పుల్లో పది మంది పడిపోయారు. ఆల్బర్ట్‌కి చేతికి తగిలింది, నిలబడే ఉన్నాడు. సరిగ్గా గురిపెట్టి గుండె మీద కొట్టండని అరిచాడట. రెండోసారి కాల్చారు.

ఇప్పుడు అక్కడ 1835లో కట్టిన స్మారకం ఉంది, షింకెల్ అనే పెద్ద వాస్తుశిల్పి రూపకల్పన. 1945 బాంబులకి వేజెల్ ఊరు దాదాపు మొత్తం నేలమట్టమైంది. కోట సింహద్వారం మాత్రం మిగిలింది, లోపల మ్యూజియం ఉంది. వీలైనవాళ్లు వెళ్లి చూడండి. సినిమా చూసి వెళ్తే ఆ పచ్చిక ఎంత చిన్న చోటో తెలిసి మనసు కలుక్కుమంటుంది.

గుర్రపుడెక్క
రైన్‌ఒడ్డు అన్నా, చాలా బాగా రాశారు. మీరు చెప్పిన కోర్టు సంగతే నాకు ఈ మొత్తం కథలో కీలకం. షిల్ రాజు ఆజ్ఞ లేకుండా కదిలాడు. రాజు తన సింహాసనం కాపాడుకోవడానికి కాదన్నాడు. ఆ కాదనడమే పదకొండు మందికి ఉరితాడైంది. అటు బ్రూన్నోవ్ అనే అధికారి వెంట కొన్ని వందల మంది ష్ట్రాల్‌జుంట్ నుంచి ఒప్పందం చేసుకుని ప్రష్యాకి తిరిగొస్తే, అక్కడ వాళ్లని సైనిక కోర్టు ముందు నిలబెట్టారు. తర్వాత 1813లో ప్రష్యా మొత్తం నెపోలియన్ మీద లేచాక అదే షిల్‌ని అమరవీరుడిగా పాడుకున్నారు.

కొత్తచిగురు
నాదొక చిన్న డౌటు. ఈ సినిమాలో ఫైట్ హార్లన్ కూడా నటించాడని ఎక్కడో చూశాను. ఆ తర్వాత నాజీల కోసం సినిమాలు తీసిన హార్లనేనా? దర్శకుడు మైనర్ట్ ఏమయ్యాడు?

పాతరీలు
ఆ హార్లనే. ఈ సినిమాని ఇప్పుడు మామూలు కళ్లతో చూడలేకపోవడానికి కారణం కూడా ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

రుడోల్ఫ్ మైనర్ట్ వియన్నాలో పుట్టిన యూదుడు. 1914లోనే బాస్కర్‌విల్ వేటకుక్క కథని తీశాడు. డెక్లా అనే సినిమా సంస్థలో నిర్మాణ బాధ్యతలు చూశాడు, కాలిగరి తయారైంది ఆ రోజుల్లోనే. ప్రష్యా వీరుల కథని ఒకసారి కాదు, రెండుసార్లు, ఇష్టంగా తీసినవాడు ఈయన. 1933లో నాజీలు రాగానే ఆయనకి జర్మనీలో పని లేకుండా పోయింది. నెదర్లాండ్స్ వెళ్లి 1934లో నీలం టోపీ అమ్మాయి కథతో ఒక డచ్చి సినిమా తీశాడు. తర్వాత ఫ్రాన్స్. అక్కడ పట్టుకుని, యూదుల్ని నిర్బంధించిన డ్రాన్సీ శిబిరం నుంచి 1943లో మైదానెక్‌కి పంపారు. అది నాజీల మరణ శిబిరం. అక్కడే చంపేశారు.

హార్లన్ ఈ సినిమాలో పదకొండు మందిలో ఒకడి వేషం కట్టాడు. 1940లో 'యూద్ జ్యూస్' (జ్యూస్ అనే యూదుడి కథ) తీశాడు. యూదుల మీద అంత విషం కక్కిన కథాచిత్రం మరొకటి చెప్పుకోవడం కష్టం. తనని డైరెక్ట్ చేసిన మనిషి ఫ్రాన్స్‌లో ప్రాణం అరచేతిలో పెట్టుకుని బతుకుతుంటే ఇతను చేసిన పని అది. 1945 జనవరి 30న విడుదలైన 'కోల్బెర్గ్' కూడా ఇతనిదే. షిల్ పేరు తెచ్చుకున్న ఆ ముట్టడి కథే అది. అందులో గుస్తావ్ డీస్ల్ షిల్‌గా కనిపిస్తాడు. నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ పట్టుబట్టి తీయించిన రంగుల సినిమా, ఖర్చు 80 లక్షల మార్కులు దాటింది. దేశం కూలిపోతుంటే జనాన్ని చచ్చేదాకా పోరాడమని చెప్పడానికి తీసినది. ప్రీమియర్ బెర్లిన్‌తో పాటు, జర్మన్ల చేతిలో ఉండి శత్రువుల ముట్టడిలో చిక్కుకున్న ఫ్రెంచి రేవు లా రోషెల్‌లో కూడా వేశారు. ఆ తర్వాత అసలు కోల్బెర్గ్ పట్టణమే రెండు నెలలు కూడా నిలవలేదు, మార్చిలో పడిపోయింది.

హెర్తా టీలె ఇంకో దారి. 'మేట్షెన్ ఇన్ ఉనిఫోర్మ్', 'కూలె వాంపె' సినిమాల్లో నటించిన అమ్మాయి. నాజీలతో కలిసి పనిచేయడానికి ఇష్టపడలేదు. 1937లో స్విట్జర్లాండ్ వెళ్లిపోయింది, నటన చాలాకాలం వదులుకోవాల్సి వచ్చింది. కైస్లర్ జర్మనీలోనే ఉండిపోయాడు. 1945 ఏప్రిల్‌లో బెర్లిన్ పక్కన క్లైన్‌మాఖ్నోలో సోవియట్ సైన్యం వచ్చినప్పుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు.

అందుకే 'హిట్లర్‌కి దారి వేసిన సినిమా' అన్న ఒక్క మాటతో దీన్ని తేల్చేయలేకపోతున్నాను. ఆ సెట్ మీద ఉన్నవాళ్లు ఒకే దారిన పోలేదు.

సుగుణ_లా
హార్లన్ పేరు వచ్చింది కాబట్టి, లా చదివినవాళ్లకి తెలిసిన ఒక కేసు చెప్తాను. యుద్ధం తర్వాత హార్లన్ మీద మానవత్వానికి వ్యతిరేకంగా చేసిన నేరం కింద హాంబుర్గ్‌లో కేసు నడిచింది, 1949లో, మళ్లీ 1950లో నిర్దోషిగా వదిలేశారు. మళ్లీ సినిమాలు తీయడం మొదలెట్టాడు. హాంబుర్గ్ ప్రభుత్వంలో పనిచేసే ఎరిక్ ల్యూట్ అనే ఆయన, ఈ మనిషి సినిమాలు ఎవరూ చూడొద్దు, వేయొద్దని బహిరంగంగా పిలుపునిచ్చాడు. నిర్మాతలు కోర్టుకెక్కి, ఆయన నోరు మూయించే ఉత్తర్వు తెచ్చుకున్నారు. 1958 జనవరి 15న జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ల్యూట్ వైపు తీర్పిచ్చింది. వాక్స్వాతంత్ర్యం ప్రభుత్వానికీ పౌరుడికీ మధ్య మాత్రమే పనిచేసేది కాదు, పౌరుల మధ్య నడిచే సివిల్ వ్యాజ్యాల్లో కూడా జడ్జి దాన్ని దృష్టిలో పెట్టుకోవాలని చెప్పిన తీర్పు అది. మన దగ్గర కూడా రాజ్యాంగ చట్టం చదివే విద్యార్థులు దీన్ని చదువుతారు. సినిమాని ఎలా చూడాలన్న మన ప్రశ్న అక్కడ కోర్టుదాకా వెళ్లింది.

నల్లరేగడి
సుగుణ గారూ, ఇది నాకు కొత్త విషయం, ధన్యవాదాలు.

మైనర్ట్ కథ చదివి కడుపు రగిలిపోయింది. అయినా ఒక మాట అనక తప్పదు. దర్శకుడి చావు దారుణం కాబట్టి సినిమా చెప్పిన మాట మంచిదైపోదు. ఆ రెండూ వేరువేరుగా చూడాలి.

అసలు నాకు గుచ్చుకునేది ఆ పేరే. పాతరీలు గారు మెచ్చుకున్న ఆ పదకొండు అంకె. షిల్ దళం నుంచి పట్టుబడ్డవాళ్లు పదకొండు మందేనా? బ్రౌన్‌ష్వైక్‌లో 14 మందిని 1809 జులైలో కాల్చి చంపారు. వాళ్లు సార్జెంట్లు, మామూలు సిపాయిలు. వేజెల్ శిక్షకి రెండు నెలల ముందే. ఇంకా వందల మందిని గొలుసులేసి ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్, షెర్బుర్గ్ రేవుల్లో కఠిన శిక్ష చేయడానికి పంపారు. వాళ్ల పేరు మీద సినిమా లేదు. అధికారులైన కుర్రవాళ్లు చస్తేనే విషాదం, రైతు కొడుకు చస్తే లెక్క. 1926లో ఇలాగే, 1932లోనూ ఇలాగే. అంతకు ముందే మొదటి ప్రపంచ యుద్ధంలో చచ్చిన లక్షల మంది ఎవరు? అధికారులా? సిపాయిలా? అలాంటి దేశంలో ఈ కథ రెండుసార్లు తీసినా ఆ 14 మంది తెర మీదికి రాకపోవడం చిన్న విషయం కాదు.

గుర్రపుడెక్క
ఈ మాటకి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. దీనికి తోడుగా ఒకటి. ష్ట్రాల్‌జుంట్‌లో షిల్ తలని కోసి, పాడవకుండా ఆల్కహాల్‌లో వేసి జెరోమ్‌కి పంపారు. అది తర్వాత హాలండ్‌లోని లైడెన్ చేరి, అక్కడి సేకరణలో ఏళ్ల తరబడి ఉండిపోయింది. 1837లో తెచ్చి సమాధి చేశారు. ఎక్కడనుకుంటున్నారు? బ్రౌన్‌ష్వైక్‌లో, ఆ 14 మంది సిపాయిల దగ్గర. మొండెం ష్ట్రాల్‌జుంట్‌లోనే ఉంది. అంటే సమాధి కట్టినవాళ్లకి మేజర్నీ సిపాయిల్నీ ఒకచోట పెట్టాలని తోచింది, సినిమా తీసినవాళ్లకి తోచలేదు.

షిల్ పేరుని ఎవరెవరు వాడుకున్నారో కూడా చూడాలి. 1944 ఆగస్టులో స్లొవాకియాలో జనం నాజీల మీద తిరగబడితే, దాన్ని అణచడానికి పంపిన ఎస్ఎస్ (నాజీ పార్టీ సొంత సాయుధ సంస్థ) దళాల్లో ఒకదానికి పెట్టిన పేరు 'షిల్'. పరాయి సైన్యం మీద తిరగబడి చచ్చినవాడి పేరుతో, పరాయి సైన్యంగా వెళ్లి తిరుగుబాటుని నలిపారు. నాకు ఇంతకంటే కోపం తెప్పించే విషయం ఈ చరిత్రలో లేదు.

పాతరీలు
నల్లరేగడి గారూ, 14 మంది విషయంలో మీ మాట కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. అధికారుల పరువే సినిమాకి కొలమానం. అది దాని పెద్ద లోపం, విమర్శకులు అప్పట్లో ఎందుకు పెదవి విరిచారన్నదానితో సంబంధం లేకుండా.

కానీ స్లొవాకియా దళం గురించి చదివాక నా మొదటి మాట మీద ఇంకా గట్టిగా నిలబడుతున్నాను. నాజీలకి కావాల్సింది షిల్ పేరు, షిల్ గుర్రం, షిల్ చావు. షిల్ చేసిన పని మాత్రం వాళ్లకి అక్కర్లేదు. పై నుంచి వచ్చిన ఆజ్ఞ తప్పనిపిస్తే కాదని వెళ్లిపోయే మేజర్ ఏ నియంతకీ పనికిరాడు. 'కోల్బెర్గ్'లో షిల్‌ని ముట్టడి రోజుల దగ్గరే ఆపేశారు. 1809 కథ అందులో చెప్పలేదు. మైనర్ట్ ఎంచుకున్నది ఆ 1809నే, రెండుసార్లూ.

కొత్తచిగురు
ఇదంతా చదివాక చూడాలనిపిస్తోంది. ఏది ముందు చూడాలి? 'కోల్బెర్గ్' చూడటం తప్పేమీ కాదు కదా?

సుగుణ_లా
తప్పేం లేదమ్మా. ఎవరు, ఎప్పుడు, ఎందుకు తీయించారో తెలుసుకుని చూడు. జర్మనీలో 'యూద్ జ్యూస్' లాంటి సినిమాలని ఇప్పటికీ ముందు ఉపన్యాసం, తర్వాత చర్చ ఉంటేనే ప్రదర్శించనిస్తారు.

రైన్‌ఒడ్డు
నా సలహా: ముందు 1932 సినిమా. చూస్తున్నప్పుడు ఒక్కటి గమనించు, రాజు గురించి పాత్రలు మాట్లాడిన ప్రతిచోటా ఎవరి గొంతు ఎలా ఉందో. పాతరీలు, నల్లరేగడి ఇద్దరి వాదనా అక్కడే తేలుతుంది. తర్వాత కావాలంటే 'కోల్బెర్గ్'. జర్మన్ రాకపోతే ఇబ్బంది పడకు, అర్థంకాని డైలాగులు ఇక్కడ పెట్టు, నేను తెలుగులో రాస్తాను.

నల్లరేగడి
రైన్‌ఒడ్డు గారూ, అలాగే వేజెల్ విచారణలో ఆ లీజ్ లాయరు ఏమని వాదించాడో అక్కడి మ్యూజియంలో ఏమైనా దొరుకుతుందేమో చూడగలరా? రాజు వదిలేసిన సైనికుడిని యుద్ధ ఖైదీగా చూడాలా వద్దా అన్న వాదన నాకు సినిమా కన్నా ఎక్కువ ఆసక్తిగా ఉంది. దొరికితే దానికి వేరే చర్చ పెడదాం, సుగుణ గారు కూడా ఉంటే బాగుంటుంది.